కన్నాల మూత

కువైట్ వెళ్ళబోయే ఆడపిల్లలు నా దగ్గరకి వచ్చి జీతం ఎంతుంటుంది, శుక్రవారం సెలవిస్తారా, ఇంటికి ఫోను చేసుకోనిస్తారా అని అడుగుతారు. అవన్నీ అడగాల్సినవే. కానీ ఇంటి వెనక ఈత కొలను ఉందా, చలికాలంలో దాని మీద ఏం కప్పుతారు అని ఇంతవరకూ ఒక్క పిల్లా అడగలేదు. పసివాళ్ళని చూసుకునే పనిలోకి వెళ్ళేవాళ్ళు మొదట అడగాల్సింది అదే.

నేను డెబ్బైల చివర్లో వెళ్ళాను. పదమూడేళ్ళు ఒకే ఇంట్లో చేశాను. బడి చదువు లేదు. అమలాపురం దగ్గర మా పల్లెలో నాన్నగారు ఇంటిదగ్గరే పలక పట్టించి నేర్పిన అక్షరాలతో ఇది రాస్తున్నాను. ఆ అక్షరాలకీ, అన్నం పెట్టిన ఆ ఇంటికీ, ప్రాణం నిలబెట్టిన అంతర్వేది స్వామికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. అయితే ఇందులో నా గొప్ప వెతకొద్దు. ఎక్కువ భాగం నా ఓర్వలేనితనం గురించే. దాన్ని దాచిపెట్టి రాస్తే ఈ రాత దేనికీ పనికిరాదు. ఆ కొలను మీద తప్పుడు కప్పు వేయించింది అదే మరి.

పేరుకి పనిమనిషి

నేను చేసిన ఇల్లు కువైట్ నగరంలోని బ్నీద్ అల్ గార్‌లో ఉండేది. పాతకాలపు పెద్ద ఇల్లు, వెనక పెరడు, పెరట్లో కొలను. అవతలి గోడ వారగా పనివాళ్ళ గదులు, బట్టలు ఆరేసే తీగ. ఇంటావిడని అందరిలాగే నేనూ మామా, అంటే వాళ్ళ మాటలో అమ్మా, అనేదాన్ని. ఆడపిల్లల బడిలో టీచరు. నాతో అరబ్బీ, హిందీ కలిపి మాట్లాడేది. ఆ మాటలు ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

మామా ధర్మాత్మురాలు. నా పూజ గురించి ఒక్కనాడూ ఎత్తలేదు. బీరువా తలుపు లోపల అంటించుకున్న స్వామి పటం ఆవిడ చూసింది. చూసి, తలుపు మెల్లగా మూసేసింది. అంతే. అయితే ఆవిడలో ఒక లోపం ఉంది. ఏ విషయమైనా ఇద్దరు పనివాళ్ళని పక్కపక్కన నిలబెట్టి 'నువ్వేమంటావు, నువ్వేమంటావు' అని అడిగేది. న్యాయంగా ఉండాలనే అడిగేది. కానీ అలా నిలబెట్టినప్పుడు పనివాళ్ళు విషయం చూడరు, పక్కదాన్ని చూస్తారు. రేపు మీ కింద ఎవరైనా పనిచేస్తే ఒక్కొక్కరినీ విడిగా పిలిచి అడగండి.

నేను చేరిన మూడో ఏడు మామాకి ఆడపిల్ల పుట్టింది. పేరు నూరా. స్నానం, పాలు, నిద్ర, అన్నీ నా చేతి మీదే. వాళ్ళింట్లో నూరా మొదటి మాట 'మామా' అని చెప్పుకుంటారు. నేను వినడం 'బువ్వ'. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు, నాలో దాచుకున్నాను. నన్ను 'సత్తీ' అనేది. సత్యవతి అనే పేరుని అంత ముద్దుగా కన్నతల్లి కూడా పిలవలేదు.

రాజవ్వ వచ్చింది

నూరాకి మూడు నిండుతుండగా రాజవ్వ వచ్చింది. జగిత్యాల వైపు మనిషి. భర్త మల్లయ్య మా ఇంట్లోనే తోటపని చేసేవాడు. అతను బతిమాలుకుంటే మా కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, రాజవ్వకి కూడా వీసా ఇప్పించాడు. నల్లగా, పొట్టిగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండేది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. 'అక్కా' అని పిలిచేది. ఆ పిలుపులో ఏ తప్పూ లేదు. తప్పు దొరకడం లేదనే నాకు కోపం.

మూడు వారాలు తిరగకుండా పిల్ల దాని చంక ఎక్కింది. నేను కలిపిన పెరుగన్నం ముందు పెట్టుకుని రాజవ్వ కోసం చూసేది. ఓ రోజు జడ వేస్తుంటే తల విదిలించుకుని, "గిట్ల గాదు!" అంది.

నా చేతిలో దువ్వెన ఆగిపోయింది. అరబ్బు పిల్లకి మూడేళ్ళు కష్టపడి తెలుగు నేర్పుకున్నాను. 'ఇలా కాదు' అనడం నేర్పింది నేను. మూడు వారాల్లో అది 'గిట్ల' అయిపోయింది.

"ఏమే రాజవ్వా, పిల్లకి ఏం మాటలు నేర్పుతున్నావే?" అని అడిగాను.

"నేనేం నేర్పలె అక్కా. నా నోట్ల ఉన్నయే దాని నోట్లకు వోయినయి" అంది, నవ్వుతూ.

మామాకి ఈ రెండు తెలుగుల తేడా తెలియదు. ఆవిడ చెవికి మేమిద్దరం మాట్లాడేది ఒకటే ఇండియా భాష. నేను ఎవరికి చెప్పుకోను?

ఈ పనిలో ఇది అందరికీ వచ్చే జబ్బే. పరాయి పిల్ల మీద ప్రేమ పెంచుకుంటాం. దాని మీద మనకి ఏ హక్కూ ఉండదు. హక్కు లేనిచోట ఓర్వలేనితనం తొందరగా పుడుతుంది. రాదని అనుకోకండి, వచ్చినప్పుడు గుర్తుపట్టండి. నేను గుర్తుపట్టలేదు. పిల్ల క్షేమం కోసమే బాధపడుతున్నానని అనుకున్నాను.

మూడు రకాల కప్పులు

ఆ ఏడు వేసవి అయిపోయి ఈతలు ఆగిపోయాక కొలనుకి కప్పు కొనాలని మామా ఒక మలయాళీ మేస్త్రిని పిలిపించింది. అంతకుముందు పిల్ల చిన్నది, గడప దాటేది కాదు. ఇప్పుడు పరుగులు పెడుతోంది.

"నీళ్ళు తీసేస్తే సరిపోదా?" అని మామా అడిగింది.

"ఖాళీ చేస్తే పలకలు పగులుతాయి. పైగా పిల్ల నీళ్ళలో కాకుండా నేల మీద పడుతుంది, తల పగులుతుంది" అన్నాడు మేస్త్రి.

అతను మూడు ముక్కలు తెచ్చి మా ముందు పరిచాడు. మొదటిది బుడగల బుడగల ప్లాస్టిక్ షీటు, నీళ్ళ మీద ఊరికే తేలుతుంది. అది నీళ్ళు చల్లబడకుండా ఉండటానికే, పిల్లలున్న ఇంటికి వద్దని అతనే పక్కన పెట్టేశాడు. రెండోది దళసరి టార్పాలిన్, చుట్టూ నీళ్ళు నింపిన సంచులు బరువు పెడతారు. మూడోది నల్లటి వల లాంటి అల్లిక గుడ్డ. బలమైన పట్టీలతో నాలుగువైపులా లాగి, గచ్చులో దిగ్గొట్టిన ఇత్తడి కొక్కేలకి బిగిస్తారు. వాన నీళ్ళు దాంట్లోంచి కిందికి జారిపోతాయి. మీద మనిషి నడిచినా ఆగుతుందని చెప్పాడు.

"దుమ్ముకి భయపడితే టార్పాలిన్ వేసుకోండి. బిడ్డకి భయపడితే ఇది" అని అల్లిక గుడ్డ మీద చెయ్యి వేశాడు.

అంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? నిజానికి నాక్కూడా ఆ అల్లికే నచ్చింది. కానీ మామా మా ఇద్దర్నీ నిలబెట్టి ముందు రాజవ్వని అడిగింది. రాజవ్వకి హిందీ అంతంతమాత్రం. తెలుగులో చెబితే నేను మామాకి చెప్పాలి.

"గీ కన్నాలదే మంచిదక్కా" అంది రాజవ్వ. "మా దిక్కు పాడువడ్డ బాయిల మీద కంప కప్పుతరు. కనవడే బాయిల ఎవ్వరు వడరు. కంప కప్పిన బాయిలనే గొడ్లు వడ్డయి, పోరగాండ్లు వడ్డరు. నీళ్ళు కనవడాలె. కనవడితెనే భయముంటది."

ఆ మాట విన్నాక నా నోటికి ఏమొచ్చిందో నాకే తెలియదు.

"కన్నాలున్నది మూతేంటే? నీళ్ళ బిందె మీద జల్లెడ పెడతామా? మా ఇంట్లో మూతలేని నీళ్ళు కుక్క కూడా తాగదు. మూతంటే మూతే!"

అలా అని, మామా వైపు తిరిగి, "ఈ అల్లికలోంచి దుమ్మంతా నీళ్ళలోకి దిగిపోతుంది మామా. వేసవికి అడుగంతా బురద. టార్పాలినే మంచిది. రాజవ్వ అల్లికే అంటోంది గానీ దుమ్ము సంగతి ఆలోచించలేదు" అన్నాను. రాజవ్వ చెప్పిన బావి మాట మామాకి చేరనే లేదు. నా తప్పుల్లో అది అన్నిటికంటే పెద్దది. ఒకరి మాటని ఇంకొకరికి చేరవేసే పని మీ మీద పడితే, మీకు నచ్చకపోయినా పూర్తిగా చేరవెయ్యండి.

మామా ఇంకా తటపటాయిస్తుంటే, "పిల్ల దగ్గర నేనుంటాను కదా" అన్నాను. ఆ మాటకి ఆవిడ మెత్తబడింది. రంగు కూడా నేనే చెప్పాను. నీలం వేస్తే పిల్లకి నీళ్ళు గుర్తొస్తాయి, ఇసక రంగు వెయ్యమన్నాను. మేస్త్రి నా వైపు ఓసారి చూసి, కొలతలు తీసుకున్నాడు.

వంటింటి బుద్ధితో కొలనుని చూశాను. బిందెకి మూత పెట్టేది నీళ్ళని కాపాడటానికి. కొలనుకి మూత పెట్టేది నీళ్ళ నుంచి మనిషిని కాపాడటానికి. ఈ తేడా తెలియడానికి నాకు ఒక చలికాలం పట్టింది.

మూల ఎత్తి చూపించడం

కప్పు పరిచాక పెరడు చూడముచ్చటగా ఉంది. నేను గెలిచాను. ఆ గర్వంతో వారం రోజులు హాయిగా నిద్రపోయాను.

తర్వాత వానలు పడ్డాయి. నీళ్ళు కిందికి పోయే దారి లేక టార్పాలిన్ మధ్యలో నిలిచాయి. ఆ బరువుకి కప్పు కిందికి జారింది, అంచున సంచులు లోపలికి జరిగాయి. నేను చీపురుతో తోడేసేదాన్ని, సంచులు వెనక్కి లాగేదాన్ని, మామాకి చెప్పేదాన్ని కాదు. చెబితే రాజవ్వ మాట నిజమైనట్టు అవుతుంది కదా.

రాజవ్వ మాత్రం ఒక పని మొదలుపెట్టింది. రోజూ పొద్దున నూరాని వెంటబెట్టుకుని గోడ వారగా కొలను చుట్టూ తిప్పేది. మూల దగ్గర పడుకోబెట్టి, తను పక్కన పడుకుని, టార్పాలిన్ అంచు ఎత్తి లోపల చూపించేది.

"సూడు బిడ్డా, కింద ఏమున్నయి?"

"మాయ్!" అనేది నూరా. అరబ్బీలో నీళ్ళని అలాగే అంటారు.

"మరి ఎటు పోవాలె?"

"గిటు!" అని గోడ వైపు చెయ్యి చూపించేది.

వంటింటి కిటికీలోంచి ఇది చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. నేను మూత వేయించానా, ఇది మూత తీసి చూపిస్తోంది. పైగా గిటు! ఓ రోజు ఆగలేక మామా దగ్గరకి వెళ్ళి, రాజవ్వ పిల్లని రోజూ నీళ్ళ అంచున పడుకోబెడుతోందని చెప్పాను. జరిగిందే చెప్పాను. ఎందుకు చేస్తోందో మాత్రం చెప్పలేదు. అలాంటి నిజం అబద్ధం కంటే చెడ్డది. మామా ముఖం పాలిపోయింది. శుక్రవారం నుంచి రాజవ్వని తన చెల్లెలి ఇంటికి పనికి పంపేస్తానంది. స్వామీ నా మొర విన్నావని దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఆ దణ్ణం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దుమ్ము గాలి

బుధవారం పొద్దున్నే దుమ్ము లేచింది. అక్కడ దాన్ని తోజ్ అంటారు. మధ్యాహ్నానికి గాలి తగ్గింది గానీ పెరడంతా ఒకటే రంగు. తడి టార్పాలిన్ మీద దుమ్ము పడి మట్టి అట్ట కట్టింది. గచ్చు ఎక్కడ అయిపోయిందో కప్పు ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. సంచులు కూడా మట్టి కింద పోయాయి.

నేను ఒక చేతిలో పెరుగన్నం గిన్నె, ఇంకో చేత్తో నూరాని పట్టుకుని వంటింటి గుమ్మంలోంచి బయటకి వచ్చాను. అవతల తీగ దగ్గర రాజవ్వ దుప్పట్లు మళ్ళీ ఉతికి ఆరేస్తోంది. పిల్ల దాన్ని చూడగానే, "రాజవ్వా!" అని కేక వేసింది. రాజవ్వ నవ్వింది.

"దా బిడ్డా, గోడెంబడి దా!"

పిల్ల నన్ను గోడ వైపు లాగింది. నేను లాగనివ్వలేదు. రెండ్రోజుల్లో వెళ్ళిపోయే మనిషి పిల్లకి దారి చెప్పడమేమిటి? అంచు నాకు తెలియదా? నా లెక్కన అంచు ఇంకా నాలుగడుగులు అవతల ఉంది. అక్కడిదాకా వెళ్ళి పక్కకి తిరగొచ్చని నేరుగా నడిచాను. పిల్ల కాళ్ళు దన్ని నిలబడింది.

"లా, సత్తీ! మాయ్! గిటు రా!"

వద్దు సత్తీ, నీళ్ళు, ఇటు రా అంటోంది. నాకు వినపడింది 'గిటు' ఒక్కటే. ఆ మాటకి కోపమొచ్చి చెయ్యి గట్టిగా లాగాను. పిల్ల తన చెయ్యి విదిలించుకుంది. ఆ ఊపుకి నేను తూలి, ఒక అడుగు ముందుకు వేశాను.

కాలి కింద నేల లేదు. కప్పు మెత్తగా లోపలికి పోయింది. మీద నిలిచిన బురద నీళ్ళు, కింద కొలను నీళ్ళు, మధ్యలో టార్పాలిన్. అది నా కాళ్ళకీ పొడుగు గౌనుకీ చుట్టుకుపోయింది. కాలవ గట్టున పుట్టినదాన్ని, నాకు ఈత వచ్చు. ఆ ఈత ఎందుకూ పనికి రాలేదు. చెయ్యి ఎటు చాచినా ఆ గుడ్డే తగిలేది. ఎత్తితే మడత పడేది. మా కాలవల్లో గుర్రపుడెక్క దట్టంగా పెరిగితే పచ్చిక అనుకుని దూడలు అడుగు వేసేవి. ఎన్నిసార్లు చూశాను! నీళ్ళ మీద కప్పు నేలలా కనపడితే ఏమవుతుందో రాజవ్వ కంటే నాకే బాగా తెలియాలి. తెలుసు కూడా.

ఒకసారి తల పైకి వచ్చినప్పుడు చూశాను. రాజవ్వ గోడ వారగా పరిగెత్తుకొచ్చింది. నా దగ్గరకి రాలేదు. ముందు పిల్లని ఎత్తుకుని వంటింట్లో పెట్టి తలుపు గడియ వేసింది. నీళ్ళు మింగుతూ కూడా నాకు, 'ముందు పిల్లనే ఎత్తుకుంది' అని గుచ్చుకుంది. ఆ వరసే సరైనది. నా స్థానంలో అదీ, దాని స్థానంలో నేనూ ఉంటే నేనూ అలాగే చెయ్యాలి. చేసేదాన్నో లేదో తెలియదు.

తర్వాత ఆరేసిన తడి దుప్పటి లాక్కొచ్చి, నేల మీద బోర్లా పడుకుని నా వైపు విసిరింది.

"పట్టుకో అక్కా! గట్టిగ! ఇడిసినవంటె ఖలాస్, మీ స్వామి గూడ ఏం జెయ్యడు!"

పట్టుకున్నాను. ఎలా లాగిందో దానికే తెలియాలి. గచ్చు మీద పడి నేను దగ్గుతుంటే వీపు మీద చరుస్తూ, "మూతంటె మూతే అంటివి. ఎట్లున్నది మరి మూత?" అంది. నవ్వుతూనే అంది.

మామాకి చెప్పడం

వేన్నీళ్ళు పెట్టి నాకు తలంటి పోసింది రాజవ్వే. పోస్తూ, "మామాకు నీ ఇష్టమొచ్చినట్టు జెప్పుకో అక్కా. నేనైతె ఏం అన. ఎట్లయిన శుక్కురారం వొయ్యేదాన్నే" అంది.

"ఆ సంగతి నీకెవరు చెప్పారే?"

"నీ మొఖమే జెప్పింది. నాలుగొద్దుల సంది నువ్వు నాతోటి మంచిగ మాట్లాడుతున్నవు."

మామా బడి నుంచి వచ్చేసరికి నేను పొడిబట్టలు కట్టుకుని వంటింట్లో నిలబడ్డాను. ఆవిడ పెరట్లోకి చూసి, "గాలికి లేచిందా కప్పు?" అని అడిగింది. అవునంటే చాలు. రాజవ్వ వెళ్ళిపోతుంది, పిల్ల నాది. ఆ 'అవును' నాలుక మీదకి వచ్చింది. అబద్ధాలు అంతకుముందు ఆడలేదా అంటే ఆడాను. కానీ ఇంకో దుమ్ము గాలి వస్తుంది. అప్పుడు పిల్ల పక్కన 'గిటు' అనేవాళ్ళు ఉండరు, నేనుంటాను.

"కాదు మామా. నేను పడ్డాను."

"నూరా?"

"చెయ్యి పట్టుకుని లాక్కెళ్తున్నాను. తనే ఆగింది. రాజవ్వ రోజూ మూల ఎత్తి చూపించబట్టి దానికి తెలిసింది. అందుకే పడుకోబెట్టేది. నేను మీకు సగమే చెప్పాను."

"ఎందుకు?"

దానికి నాకు అరబ్బీ మాట తెలుసు. "గీరా" అన్నాను. అక్కడ గీరా అంటే ఓర్వలేనితనం. మన దగ్గర గీర అంటే పొగరు. ఆ రోజు నా దగ్గర రెండూ ఉన్నాయి.

మామా కుర్చీలో కూర్చుంది. నేను బావి మాట, కంప మాట, ఆ రోజు చేరవెయ్యని ప్రతి మాటా చెప్పాను. చివరికి ఆవిడ అరవకుండా అంది: "రాజవ్వ ఎక్కడికీ వెళ్ళదు. ఇకనుంచి నూరా దగ్గర తను. వంటిల్లు నువ్వు."

"అలాగే మామా" అన్నాను. నన్ను ఇంటికి పంపించనందుకు ఆవిడకి ఈనాటికీ రుణపడి ఉన్నాను. అయినా ఆ మాటకి తగిలినంత దెబ్బ నాకు నీళ్ళలో కూడా తగల్లేదు.

చూసుకోవాల్సినవి

మీరు వెళ్ళిన ఇంట్లో కొలను ఉంటే ఇవి చూడండి. కప్పు తేలుతుందా, బిగించి ఉందా? తేలేదైతే అది కప్పే కాదు, ఉచ్చు. మీద వాన నీళ్ళు నిలుస్తాయా? పసిబిడ్డ మునగడానికి జానెడు నీళ్ళు చాలు. అంచుకీ గచ్చుకీ మధ్య పిల్ల తల పట్టే సందు ఉందా? కొక్కేలు నెలకోసారి లాగి చూడండి, దుమ్ము పట్టి వదులవుతాయి. రంగు నేల రంగులో ఉండకూడదు. కొలనుని కొలనులా కనపడనివ్వాలి. దుమ్ము దిగుతుంది, నిజమే. వేసవికి అడుగున బురద తోడాలి. తోడండి. ఇవన్నీ ఉన్నా పిల్ల పక్కన మనిషి ఉండాలి. ఆ మనిషి మనసు పిల్ల మీదే ఉండాలి, పక్కదాని మీద కాదు.

వారానికి మేస్త్రి అల్లిక గుడ్డ తెచ్చి బిగించాడు. కింద నీళ్ళు నల్లగా, స్పష్టంగా కనపడుతున్నాయి. ఎవరైనా ఒకసారి నడిచి చూడండి అన్నాడు. నేను నడుస్తానన్నాను. అప్పట్లో కాస్త బొద్దుగా ఉండేదాన్ని. నన్ను ఆపితే ఎవర్నైనా ఆపుతుంది.

చెప్పులు విప్పి, దణ్ణం పెట్టుకుని, అడుగు వేశాను. గుడ్డ కొద్దిగా దిగింది, ఆగింది. మధ్యదాకా వెళ్ళి నిలబడ్డాను. అరికాళ్ళ కింద నీళ్ళు కదులుతున్నాయి గానీ కప్పు కదల్లేదు. ఒడ్డున రాజవ్వ చంకలో నూరా ఉంది. "మంచిగ నిలవడ్డవక్కా!" అని రాజవ్వ అరిచింది. పిల్ల చప్పట్లు కొట్టింది. నన్ను చూసి కొట్టిందో, రాజవ్వ అరుపుకి కొట్టిందో అక్కడి నుంచి తెలియలేదు. నన్ను చూసే కొట్టిందని నమ్ముతున్నాను. రాజవ్వని మాత్రం ఎప్పుడూ అడగలేదు.